పెనుకొండలో భోజనం, ధర్మవరంలో కొలత

ఇది ఒక మహాగాథ. ఇందులో మూడు రాజ్యాలున్నాయి, ఒక రథం ఉంది, వరాహాల దండయాత్ర ఉంది, నిండు సభలో వెలివేతకు గురైన ఒక వీరుడున్నాడు. చివర్లో కన్నీళ్లు కూడా ఉన్నాయి. చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి.

అంతా అబద్ధమని అనను గానీ, కొంచెం తగ్గించి చదువుకోవాలి. మూడు రాజ్యాలంటే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం దగ్గర మూడు చేలు. రథం ఒక జీపు. దాని వెనక తలుపును తాడుతో కట్టుకోవాలి. వీరుడు ఒక వేరుశనగ రకం. దానికి పదకొండు అనే నంబరు తప్ప పేరు కూడా లేదు. కన్నీళ్ల విషయం నేను గట్టిగా చెప్పలేను. మా వైపు ఎండకు కారినా కనబడేలోపే ఆరిపోతాయి.

నేను రిటైరయిన విధం

ఉద్యోగ విరమణ చేసినవాళ్లు అనుభవాలు రాయాలంటే నెరిసిన జుట్టు, శాలువా కప్పుకున్న ఫొటో ఉండాలి. నాకు రెండూ లేవు. నా వయసు ముప్పై నాలుగు. పంట పరిశోధనా కేంద్రం ఒకదాంట్లో కాంట్రాక్టు సహాయకుడిగా పనిచేశాను. ప్రాజెక్టు ముగిసిన రోజు నన్ను కూడా ముగించారు. ఇప్పుడు హిందూపురంలో మా నాయన మోటారు వైండింగ్ దుకాణంలో కూర్చుంటున్నాను. ఎవరైనా అడిగితే మా నాయన "మావోడు రిటైరయినాడు లేప్పా" అంటాడు. దుకాణం ఆయనది కాబట్టి నేను నవ్వాలి.

కొత్తగా ఈ పనిలో చేరుతున్న పిల్లలు ఫోన్ చేసి "అన్నా, పని ఎట్లుంటాది?" అని అడుగుతున్నారు. సెలవులు, బిల్లులు, ఎవరికి నమస్కారం పెట్టాలి అనే సంగతులు అక్కడి గుమాస్తా నాకంటే బాగా చెబుతాడు. నేను చెప్పగలిగింది పదకొండో నంబరు గురించే. అది తెలిస్తే చాలావరకు పని తెలిసినట్టే.

ఆకును అడిగి కాయ చెప్పడం

ఒక కొత్త రకం ఏ నేలలో ఎంత పండుతుందో తెలియాలంటే అన్ని నేలల్లోనూ వేసి, ఏళ్ల తరబడి కోసి, తూచాలి. అంత ఓపిక ఎవరికీ లేదు. అందుకని పంట చేలో ఉండగానే ఆకును అడుగుతాం. ఎంత పచ్చగా ఉన్నావు? ఎంత మందంగా ఉన్నావు? ఎంత వేడిగా ఉన్నావు? ఆ జవాబులన్నీ కంప్యూటర్‌లో వేస్తే, ఈ రకం హిందూపురంలో ఇంత, ధర్మవరంలో ఇంత అని కోతకు ముందే దిగుబడి చెబుతుంది. దాన్ని మేం మోడల్ అంటాం. జ్యోతిషం లాంటిదే. కాకపోతే జ్యోతిష్కుడు తప్పు చెబితే జనం తిడతారు, మోడల్ తప్పు చెబితే నేలను అనుమానిస్తారు.

ఈ లెక్క గోధుమ మీద బాగా కుదిరిందని చదువుకున్నాం. గోధుమ చేను దుప్పటి పరిచినట్టు దట్టంగా ఉంటుంది. పైనుంచి ఉష్ణోగ్రత తుపాకీ గురిపెడితే దానికి కనబడేదంతా ఆకే. ఆకు చల్లగా ఉంటే వేరు నీళ్లు తెస్తోందని, వేడెక్కితే దాహంతో ఉందని అర్థం. చల్లగా ఉన్నది ఎక్కువ పండుతుంది. మా ప్రాంతంలో గోధుమ కనబడేది చపాతీలోనే కాబట్టి, ఆ లెక్కను తీసుకొచ్చి వేరుశనగకు తొడిగాం. చొక్కా ఒకరిది, భుజాలు ఇంకొకరివి.

మా పైఅధికారి ప్రమీల మేడమ్. మొక్క లోపల నీళ్లు ఎలా నడుస్తాయో చదివిన మనిషి. నేను జోకు వేస్తే కళ్లద్దాలు తీసి తుడుచుకునేవారు. అది నవ్వో, విసుగో చాలాకాలం తేల్చుకోలేకపోయాను. పదకొండో నంబరు ఆమె చేతి సంకరం. ఒక పాత నాటు రకాన్ని తల్లిగా పెట్టి, పొద్దు పొడిచే వేళకు చేలో కూర్చుని పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్ది, ఆ సంతానంలోంచి ఏటేటా ఏరుకుంటూ వచ్చారు. మూడు చేలలోనూ నెగ్గితే అది రైతుల దాకా వెళుతుంది. నెగ్గకపోతే ఆమె తన పేరు చెప్పుకోవడానికి ఒక్క రకమైనా లేకుండా ఇంటికి వెళతారు. ఎందుకంటే ఆమె సర్వీసు ముగింపుకొచ్చింది. ఈ మాట ఆమె ఏనాడూ అనలేదు. డ్రైవర్ ఓబులేసు చెప్పాడు. డ్రైవర్లకు తెలియని రహస్యం ఏ ఆఫీసులోనూ ఉండదు.

రథయాత్ర

మా కేంద్రం హిందూపురం దగ్గర. కొలతల రోజున పొద్దున్నే అక్కడి చేను కొలిచి, జీపెక్కి పెనుకొండ చేను ముగించి, అక్కడే భోంచేసి, ధర్మవరం చేరేవాళ్లం. ప్రతిసారీ అదే వరస. దీని వెనక ఉన్న శాస్త్రీయ కారణం పెనుకొండలోని ఒక మెస్సు. వేడి వేడి రాగి సంగటి, పక్కన చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి. ఓబులేసు ఆ మెస్సును ఆకలితో దాటిన సందర్భం లేదు.

"దోవ మార్చుకోవాలంటే మార్చుకోండి సార్. నేను ఈడ తిని, ఎనక బస్సుకొస్తా" అనేవాడు.

అతను బస్సులో వస్తే జీపు ఎవరు నడపాలని మాలో ఒక్కరూ అడగలేదు. సంగటి ఆలోచనలో ఉండేవాళ్లం.

ధర్మవరం అవతలి చేను ఈశ్వరమ్మది. భర్త బెంగళూరులో వాచ్‌మన్, సేద్యం ఆమెది. ఒక ముక్క మాకిచ్చి, మిగతా దాంట్లో తన చెనిక్కాయ వేసుకునేది. వరసగా రెండేళ్లు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే సమయానికి వాన మొహం చాటేసింది. చెట్టు ఉండేది, కాయ ఉండేది కాదు. "ఈ ఏడు గూడా ఇంతే అయితే చేను బీడు పెట్టి నేనూ బెంగుళూరికి పోతానబ్బా. ఆయప్ప గేటు తీస్తాడు, నేను మూస్తా" అనేది.

ఆ ఏడు కూడా అంతే అయింది. పూత చూసి వెళ్లిన వాన తిరిగి రాలేదు. మేం సంగటి అరుగుతుండగా మధ్యాహ్నం ఎండలో ఆమె చేలోకి దిగేసరికి, పదకొండో నంబరు వరసల్లో ఆకులు రెండేసి చేతులు జోడించినట్టు ముడుచుకుని నిలబడి ఉన్నాయి.

"ఏమబ్బా బాషా, ఇది సచ్చేటట్టుండాది. దండం పెడతాంది చూడు" అంది ఈశ్వరమ్మ.

"మేడమ్ వచ్చినారు కదక్కా. మర్యాద" అన్నాను.

"మర్యాదా గిర్యాదా! నీళ్లు ల్యాక."

మేడమ్ కళ్లద్దాలు తుడుచుకున్నారు. నేను తుపాకీ గురిపెట్టాను. చేను మొత్తంలో అంత వేడి చూపించిన రకం ఇంకోటి లేదు. తర్వాత రెండు సార్లు వెళ్లినా అదే. చిత్రమేమిటంటే, అదే పదకొండు హిందూపురంలో పొద్దున్నే కొలిస్తే అన్నిటికంటే చల్లగా ఉండేది. మోడల్ వెంటనే తీర్పు చెప్పింది. ఇది హిందూపురానికి పనికొస్తుంది, కరువు ముదిరితే ధర్మవరంలో నిలవదు. మాకు భలే ఆనందమైంది. ఒకే రకం రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తిస్తే, చూపించుకోవడానికి మంచి గ్రాఫు వస్తుంది.

ఒక్క చెట్టు

కోత దగ్గరపడ్డాక కాయ ముదిరిందో లేదో చూడాలి. చెట్టు పెరికి, కాయ చిట్లించి, పొట్టు లోపలి వైపు నల్లబారిందా అని చూస్తారు. మేడమ్ పదకొండు వరసలో ఒక చెట్టు పెరికారు. మట్టి దులపగానే మేం దగ్గరికి జరిగాం. గుత్తులుగా కాయలు. చిట్లిస్తే లోపల నల్లగా, విత్తు నిండుగా.

ఈశ్వరమ్మ తన చేలోంచి పెరుకుతున్న చెట్టును అక్కడే వదిలేసి వచ్చింది. దానికి ఉన్న కాయలు కళ్లతోనే లెక్కయిపోతాయి.

"ఇదేంది మేడమ్మా, దండం పెట్టింది ఇదేనా?"

"ఇదే."

"నాకొక ఒడి కాయలియ్యి తల్లీ. ఇత్తనానికి."

"ఇప్పుడు కుదరదమ్మా. కోసి తూచాలి. మీటింగులో పాసవ్వాలి. పాసయితే మొదటి సంచీ నీకే."

"చెనిక్కాయ మీటింగులో పాసయ్యేదేంది? ఈడ అయ్యె గదా!"

"రూలు" అన్నారు మేడమ్. ఆ మాట అంటూ ఆమె చెట్టును కింద పెట్టలేదు. జీపు దాకా చేత్తోనే పట్టుకుని వచ్చారు.

పరీక్ష చేలలో గింజ బయటికి ఇవ్వకూడదన్నది మంచి నియమమే. సగం తేలిన రకం ఊళ్లో పడితే, అది చెడిపోయినప్పుడు తిట్లు తినేది రైతు. నేను ఇప్పటికీ ఆ నియమాన్ని సమర్థిస్తాను. సమర్థిస్తూ బాధపడతాను. రెండూ ఒకేసారి చెయ్యడం మా ఉద్యోగంలో నేర్చుకున్న కళ.

వరాహాల ఎంపిక

కోతకు మేం ముహూర్తం పెట్టుకుంటే, అడవిపందులు అంతకుముందే పెట్టుకున్నాయి. ఈశ్వరమ్మ ఫోన్ చేస్తే పరుగున వెళ్లాం. చేను దున్నేసినట్టుంది.

ప్రతి నంబరునూ చేలో మూడు వేరువేరు చోట్ల వేస్తాం. ఒక మూల నేల మంచిదైతే ఒక రకానికే లాభం కలగకుండా అది జాగ్రత్త. పందులు మిగతా నంబర్లను అక్కడక్కడ కెలికి వదిలేశాయి. పదకొండును మాత్రం మూడు చోట్లా వెతుక్కుని గుంతలు పడేలా తవ్వుకు తిన్నాయి.

"సెలక్షన్ కమిటీ మనకంటే ముందే కూర్చుంది మేడమ్. ఏకగ్రీవం" అన్నాను.

ఓబులేసు నవ్వాడు. ఈశ్వరమ్మ కూడా నవ్వింది. మేడమ్ కళ్లద్దాలు ముట్టుకోలేదు. మూడు గుంతల దగ్గరికీ వెళ్లి, ఒక్కోచోట కాసేపు నిలబడి వచ్చారు. పందులు రాసి ఇవ్వవు కాబట్టి వాటి అభిప్రాయం ఏ నివేదికలోనూ చేరలేదు.

మిగిలిన కాయలైనా ఏరదామని ఊరి ఆడవాళ్లను పిలిచాం. మా వైపు చెనిక్కాయ పనికి వచ్చిన మనిషి సాయంత్రం ఇంటికి పోతూ కొంగులో ఒడికాయలు వేసుకుని పోతుంది. ఏ రైతూ అడ్డుచెప్పడు. పరీక్ష చేలో మాత్రం అది కుదరదు. ఒక ఒడి తగ్గినా తూకం తప్పుతుంది. అందుకని గట్టు మీద గోతం పరిచి, అందరి చేతా కొంగులు దులిపిస్తాం.

ఆ రోజు తూకానికి అర్థమే లేదు. పందులు తినగా మిగిలింది ఏ రకం ఎంతో ఆ దేవుడికే తెలియాలి. అయినా గోతం పరిచాం. అలవాటు. ఈశ్వరమ్మ పదకొండో నంబరు గుంతల చుట్టూ ఏరి, అందరికంటే ముందు వచ్చి దులిపింది.

"చూసుకోండప్పా, గింజ గూడా ల్యా."

ఆ కాయలు అన్నిటితో కలిసి ఒకే మూటలో పడ్డాయి.

సభ

పెద్దసారు అని మా కేంద్రానికి అధిపతి. మంచి మనిషి. గ్రాఫులో గీత తిన్నగా ఉంటే ఆయనకు ఆ రోజు మందులు అక్కర్లేదు. ఏ రకాలు ముందుకెళ్లాలో తేల్చే మీటింగులో ఆయన అన్నారు: "ధర్మవరం దిగుబడి లేదంటే కంగారెందుకు? అందుకే కదా మోడల్ చేసుకున్నాం."

మోడల్ ప్రకారం ధర్మవరంలో పదకొండు అట్టడుగున ఉంది.

"నేను కాయ చూశాను సార్" అన్నారు మేడమ్.

"ఎన్ని చెట్లు?"

"ఒకటి."

"ఒక్క చెట్టు డేటా కాదు కదా మేడమ్" అన్నారాయన, మెత్తగానే.

ఆ వాక్యం మా అందరికీ నేర్పింది మేడమే. సభ పదకొండును పక్కన పెట్టింది. పక్కన పెట్టిన రకాల కాయలన్నీ, మూడు చేలవీ, ఎప్పటిలాగే కలిపి నూనె మిల్లుకు పోయాయి. ఈ గాథలో విలన్ లేకపోవడం పెద్ద లోపమని నాకు తెలుసు. పెద్దసారు స్థానంలో ఎవరున్నా అదే అనేవారు. మీరు ఈ పనిలో చేరాక చూస్తారు. ఎక్కువ నష్టాలు సరైన వాక్యాల వల్లే జరుగుతాయి.

క్లచ్చు ప్లేటు

మరుసటి ఏడు ఒక కొలతల రోజున జీపు క్లచ్చు ప్లేటు పోయింది. మెకానిక్ బాగుచేసి ఇచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. ఇక దూరం పోలేమని, హిందూపురం చేనొక్కటైనా కొలుద్దామని దిగాం. ఇన్నేళ్లలో హిందూపురాన్ని మధ్యాహ్నం చూడడం అదే మొదటిసారి.

పదకొండుకు తల్లి అయిన పాత నాటు రకం పోలిక కోసం రెండు వరసలు వేసి ఉంది. పొద్దున పూట ఎప్పుడూ చల్లగా ఉండేది. ఇప్పుడు ఆకులు ముడుచుకుని దండం పెడుతోంది. తుపాకీ గురిపెట్టాను. ధర్మవరంలో పదకొండు చూపించినంత వేడి.

"మిషన్ పాడైనట్టుంది మేడమ్."

ఆమె చేలో గొంతుక్కూర్చున్నారు. "బాషా, ఆకు పట్టుకో."

పట్టుకున్నాను.

"వేడిగా ఉందా?"

"లేదు మేడమ్."

"మళ్లీ గురిపెట్టు. తుపాకీ ఎర్ర చుక్క ఎక్కడ పడుతోందో చూడు."

ఆకులు ముడుచుకోవడంతో వరసల మధ్య నేల బయటపడింది. చుక్క ఆకు మీద పడడం లేదు. కాగిన పెనంలా ఉన్న ఎర్రమట్టి మీద పడుతోంది.

"మనం కొలిచింది మట్టిని" అన్నారు మేడమ్.

ఎండ ముదిరే వేళకు ఆకు ముడుచుకుని నీళ్లు దాచుకోవడం, చల్లబడ్డాక మళ్లీ విప్పుకోవడం ఆ తల్లి గుణం. దానికోసమే మేడమ్ దాన్ని తల్లిగా ఎంచుకున్నారు. పదకొండుకు వచ్చిన ఆస్తి అదే. మేం దాన్నే జబ్బుగా లెక్కగట్టాం. గోధుమ దుప్పటి కింద నేల కనబడదు కాబట్టి గోధుమవాళ్లకు ఈ బాధ లేదు. హిందూపురానికీ ధర్మవరానికీ మధ్య మా మోడల్ కనిపెట్టిన గొప్ప తేడా వానదీ కాదు, నేలదీ కాదు. ఒకటి భోజనానికి ముందు, ఇంకొకటి భోజనం తర్వాత.

జీపులోంచి ఓబులేసు కేకేశాడు. "ఏం సార్, ఏమన్నా పారేసుకున్యారా?"



వెతుకులాట

మిల్లుకు వెళ్లిన కాయలు ఎప్పుడో ఏదో ఇంట్లో బజ్జీలయ్యాయి. చల్లని గదిలో పదకొండు విత్తనం ఒక చిన్న పొట్లం ఉండాలి. ఉంది. కానీ అంతకుముందు వేసవిలో ఆ గది యంత్రం చెడిపోయి, బాగుచేసేవాడు వచ్చేదాకా గది మామూలు గదిలాగే ఉండిపోయింది. గోధుమ గింజ అయితే తట్టుకునేదేమో. నూనె గింజకు వేడి తగిలితే మొలక చచ్చిపోతుంది.

మేడమ్ ఆ పొట్లాన్ని ఇంటికి తీసుకెళ్లి మిద్దె మీద కుండీల్లో వేశారు. రోజూ నేనే వెళ్లి చూసేవాణ్ని. ఒకరోజు ఒక కుండీలో ఒక్క మొలక లేచింది. మేడమ్ ఆఫీసులో అందరికీ మైసూరుపాకు పంచారు. ఆమె ఏదైనా పంచడం అదే మొదలు. మొలకకు నీడ కట్టాం, పిట్టలు రాకుండా వల కట్టాం. నాలుగాకులు వేశాక తెలిసింది, అది తగిరిస మొక్క అని. బీడులో మొలిచే పిచ్చి మొక్క. లేతగా ఉన్నప్పుడు వేరుశనగలాగే కనబడుతుంది. ఇద్దరం మొక్కల చదువులో పట్టాలున్నవాళ్లం.

"నీడ మాత్రం బాగా కట్టాం మేడమ్" అన్నాను.

ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. అది నవ్వు కాదని ఆ రోజు తెలిసింది.

ఇక మిగిలింది ఈశ్వరమ్మ. బస్సెక్కి వెళ్లాను. గడప దగ్గర కందులు చెరుగుతోంది.

"ఏమబ్బా, తుపాకి యాడ?"

"తుపాకి లేదక్కా. ఒక మాట అడుగుతా, కోప్పడను. ఆ పందులు పడిన పొద్దు, ఒడిలో ఏమన్నా మిగిలిందా?"

"ఏం మిగుల్తాది? గోతం పరిచి దులిపిస్తిరి కదా."

"ఒక్క కాయైనా? రైకలోనో, యాడన్నా?"

చేట ఆపింది. "నాలుగు కాయలు నడుములో దోపుకునుంటి. మేడమ్మ ఆ గుంత కాడ నిలబడుకోనుండె. మొగం చూస్తే అయ్యో అనిపిచ్చె. మొదటి సంచీ నాకే ఇస్తాననె కదా, ఈయమ్మ కాడ దొంగతనమేంటికి అని నేనే తీసి ఏస్తి."

నేను చేటలోని కందుల వైపు చూశాను.

"ఏంటికబ్బా, ఏసింది తప్పా?"

"లేదక్కా. రూలు ప్రకారం సరిగ్గా చేసినావు."

"మల్ల నీ మొగమేంది అట్లుండాది?"

జోకు వేద్దామని చూశాను. ఏదీ తట్టలేదు. ఆమె లేచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మిగతా సంగతి నేను చెప్పాను. ఆకు, మట్టి, ఎర్ర చుక్క, అన్నీ. ఆమె అంతా విని, "అయితే దండం పెట్టింది సచ్చేదానికి గాదన్నమాట" అంది. ఆ ఏడు ఆమె చెనిక్కాయ మానేసి కంది వేసింది. అది కూడా అంతంత మాత్రమే. భర్త పక్క గేటు దగ్గర ఒక ఉద్యోగం ఖాళీగా ఉందట.

చేరబోయేవాళ్లకు

మేడమ్ వెళ్లిపోయే ముందు ఒక నివేదిక రాశారు. మూడు చేలనూ ఒకే వేళకు కొలవాలి, లేదా ఒక్కోసారి ఒక్కో చేనుతో మొదలుపెట్టాలి, తుపాకీతో పాటు చేత్తో కూడా ఆకును పట్టుకుని చూడాలి అని. ఆమె రాసిన వాటన్నిటిలో చిన్నది అదే, గట్టిది కూడా అదే. వీడ్కోలు సభలో ఆమెకు శాలువా కప్పారు. పదకొండు గురించి ఎవరూ మాట్లాడలేదు, నాతో సహా.

నేను మీకు చెప్పేది ఒక్కటే. మోడల్ ఎంత బాగా చెప్పినా, అది చూసింది మీరు చూపించినదాన్నే. చేను ఎలా ఉందో రాసేముందు, మీరు ఎప్పుడు అక్కడికి వెళ్లారో, ఎందుకు అప్పుడే వెళ్లారో రాసుకోండి. కారణం సంగటి అయితే సంగటి అనే రాయండి.

ఈమధ్య కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేసి, ఇప్పుడు దోవ మారిందన్నా, జీపు పొద్దున్నే నేరుగా ధర్మవరం పోతోంది అన్నాడు. మేడమ్ నివేదిక చదివినట్టున్నారని సంబరపడ్డాను. అది కాదట. ఆఫీసు కూపన్లకు డీజిల్ పోసే బంకు ఇప్పుడు ధర్మవరంలో ఉంది, అక్కడ పొద్దున పూట మాత్రమే పోస్తారు. తిరుగు దోవలో పెనుకొండలో భోంచేసి, మధ్యాహ్నం ఎండలో హిందూపురం కొలుస్తున్నారు.